నిశ్చితార్థం అయిపోయింది, జీడి సంగతే తేలలేదు

తోకల_స్నేహం (సీతమ్మధార, విశాఖపట్నం)
అందరికీ నమస్తే. సూటిగా అడిగేస్తాను. నాకు 26 ఏళ్లు, ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని. పోయిన నెల నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్లి. అబ్బాయి మంచివాడే. రుషికొండ ఐటీ హిల్‌లో ఉద్యోగం, సాగర్ నగర్‌లో సొంత ఫ్లాట్. పెళ్లయ్యాక అత్తమామలు, వాళ్ల నాయనమ్మ, మేమిద్దరం కలిసే ఉంటాం. దానికి నాకేమీ అభ్యంతరం లేదు.

నాకు జీడి ఉంది. జీడిపప్పు రంగు వీధికుక్క, ఆడది, అయిదేళ్లది. కళ్లు కూడా సరిగ్గా తెరవని వయసులో కాలవ పక్కన దొరికితే సీసాపాలు పట్టి పెంచాను. ఉప్మా అని ఒక పిల్లి కూడా ఉంది. రాత్రి తొమ్మిదింటికి మా సందులో ఉన్న కుక్కలకి అన్నం పెడతాను. ఇవన్నీ పెళ్లిచూపుల రోజే చెప్పాను. అప్పుడు అందరూ నవ్వి "ఎంత మంచి మనసో" అన్నారు. ఇప్పుడేమో అత్తగారు "కుక్కని మీ అమ్మ దగ్గరే ఉంచేసి రా తల్లీ, బెంగపడితే వెళ్లి చూసొద్దువు" అంటున్నారు. ఇంట్లో దేవుడి గది ఉంది, మైల అంట. పిల్లి మాటైతే ఎత్తనే కూడదు, కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లి ఉంటే బిడ్డకి ప్రమాదమని ఎవరో చెప్పారట. పైగా వాళ్ల అపార్ట్‌మెంట్ గేటుకి "పెంపుడు జంతువులకు అనుమతి లేదు" అని బోర్డు తగిలించి ఉంది. ఆయన్ని కదిపితే "మెల్లగా చూద్దాంలే, టెన్షన్ పడకు" అంటారు.

ఇంకోటి. నేను మాంసం, గుడ్డు మానేసి చాలాకాలమైంది. ఈమధ్య పట్టు కూడా కట్టడం లేదు. అమ్మ కంచిపట్టు చీరకి అడ్వాన్సు ఇచ్చేసింది. ఇంట్లో రోజూ యుద్ధమే. ఇలాంటివి దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. "అన్నీ సర్దుకుంటాయి" అనే మాట తప్ప ఏదైనా సరే.

గాజువాక_శీను
చెల్లెమ్మా, కోపం తెచ్చుకోకు. కుక్క ఇంకో ఏడెనిమిదేళ్లు ఉంటుంది, మొగుడితో జీవితాంతం ఉండాలి. మీ అమ్మగారింట్లో ఉంటే దానికి వచ్చిన నష్టమేటి? సీతమ్మధార నుంచి సాగర్ నగర్ ఎంత దూరమని? బండి మీద కూర్చుంటే టీ చల్లారేలోపు వెళ్లిపోవచ్చు.

కొత్తకోడలు_మధురవాడ
శీను గారూ, ఏడెనిమిదేళ్లే కదా అంటున్నారు. అదే మాట వాళ్ల అత్తగారికి చెప్పి చూడండి, ఏడెనిమిదేళ్లే కదా ఓర్చుకోండి అని.

తోకల_స్నేహం గారూ, నేను రెండు పిల్లులతో అత్తారింటికి వెళ్లిన మనిషిని. అందుకే చెప్తున్నాను. "మెల్లగా చూద్దాం" అన్నారంటే ఆయన ఇంకా వాళ్లమ్మతో మాట్లాడలేదన్నమాట. మీరు మాత్రం అత్తగారితో వాదనకి దిగకండి. కాబోయే కోడలు అడిగితే పంతం అంటారు, కొడుకు అడిగితే ముచ్చట అంటారు. మన ఇళ్లు ఇంతే. ఆయనే అడగాలి, అదీ శుభలేఖలు పంచకముందే.

అసలాయన జీడితో ఎప్పుడైనా ఒంటరిగా గడిపారా? ఫొటో కోసం తల నిమరడం సంగతి కాదు నేనడిగేది. తెల్లారకముందు లేవాలి, చేతిలో కవరు పట్టుకుని దాని వెనకాల నడవాలి, అది రోడ్డు మీద చేసింది కవరులోకి ఎత్తాలి, ఇంటికొచ్చాక నాలుగు కాళ్లూ తుడవాలి. ఒక వారం పాటు ఈ పని ఆయన్నే చేయమనండి. చేశారా, మీ ప్రశ్నకి సగం జవాబు దొరికేసినట్టే. చేయలేదా, అది కూడా జవాబే. మా ఇంట్లో మా ఆయన రోజూ లిట్టర్ ట్రే (పిల్లి దొడ్డికి వెళ్లే పళ్లెం) కడగడం చూశాకే మా అత్తగారు మెత్తబడ్డారు. "నా కొడుకు చేత ఇలాంటి పనులా" అని మొదట్లో ఏడ్చారులెండి, ఆ ముక్క కూడా చెప్పాలి.

లాసన్స్‌బే_పెద్దమ్మ
అమ్మాయీ, నేను అత్తగారి పక్షాన చెప్తాను, విను. నాకు ఇద్దరు కోడళ్లు. మైల అనేది పైకి చెప్పే మాట. లోపల లెక్క వేరే ఉంటుంది. బొచ్చు ఎవరు ఊడుస్తారు? వానలో తడిసొచ్చి సోఫా ఎక్కితే ఆ కంపు ఎవరు భరిస్తారు? మీరిద్దరూ పొద్దున్నే ఆఫీసులకి పోతే, మధ్యాహ్నం కొరియర్ వాడిని చూసి అది అరిస్తే లేచి చూసేది ఎవరు? మోకాళ్ల నొప్పులతో ఉన్న ఆవిడే కదా. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పకుండా నువ్వు భూతదయ అంటే ఆవిడ చెవికి ఎక్కదు. ధర్మరాజు వెంట స్వర్గం దాకా కుక్క వెళ్లిన కథ మాత్రం ఎత్తకు. కుక్కల్ని పెంచేవాళ్లందరూ అదే చెప్తారు. స్వర్గానికి వెళ్లే దారి ఊడ్చే పని ద్రౌపదికి పడలేదు కాబట్టి ఆ కథ నడిచింది.

నేనైతే ఏమడుగుతానో చెప్తాను. గచ్చు తుడిచే పనిమనిషికి అదనంగా ఇచ్చే డబ్బు మీరిద్దరూ కడతారా? దేవుడి గది గుమ్మానికి మోకాలెత్తు తలుపు పెట్టిస్తారా? మధ్యాహ్నం పూట దాన్ని ఎవరు బయటికి తిప్పుతారు? మీరు ఊరెళితే ఎక్కడ ఉంచుతారు? ఈ నాలుగూ చెప్పు. ఆ తర్వాత కూడా ఆవిడ వద్దంటే అప్పుడు మైల గురించి మాట్లాడుకుందాం.

తోకల_స్నేహం
పెద్దమ్మా, మీ మాట చదివి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మధ్యాహ్నం సంగతికి నా దగ్గర జవాబు ఉంది. మా స్కూలు మూడింటికి వదిలేస్తారు. జీడికి ఇప్పటికీ పొద్దున, నేను వచ్చాక, రాత్రి, మూడు పూటలా బయటికి వెళ్లడం అలవాటు. మధ్యలో అడగదు.

రూల్_పుస్తకం
ఆ గేటు మీది బోర్డు గురించి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నేను కార్యదర్శిని, కాబట్టి రెండు వైపులా తిట్లు తిన్న అనుభవం ఉంది. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అసోసియేషన్ మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కని పెట్టుకోవద్దని నిషేధించడానికి వీల్లేదు. అద్దెకున్నవాళ్లకీ, సొంతదారులకీ తేడా లేదు. లిఫ్టు ఎక్కించొద్దని అనడానికీ లేదు. ఓనరు బాధ్యతలు కూడా అందులోనే ఉన్నాయి. టీకాలు వేయించాలి, ఉమ్మడి జాగాలో బెల్టుతో తిప్పాలి, అది ఖరాబు చేస్తే శుభ్రం చేయాలి.

చట్టం మన వైపు ఉందని మొదటిరోజే కాగితం తీసి వాళ్ల మొహాన కొట్టకండి. మీ మామగారు ఆ బిల్డింగ్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నారు, రేపు లిఫ్టులో ఆ మొహాలే చూడాలి. టీకా కార్డు, పిల్లలు పుట్టకుండా చేయించిన ఆపరేషన్ సర్టిఫికెట్, రెండింటి జిరాక్సులు జత చేసి, కుక్క వస్తోందని ఒక ఉత్తరం రాసి మీ మామగారి చేతే కార్యదర్శికి ఇప్పించండి. జీవీఎంసీలో (మన నగరపాలక సంస్థ) పెంపుడు కుక్క రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి. నూటికి తొంభై గొడవలు ఆ కాగితాల దగ్గరే చల్లారిపోతాయి. మిగతావి కుక్క గురించి కాదు, పార్కింగ్ గురించి.

సాగర్_నగర్_వాకర్
ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, రెండోవైపు నేను చెప్తాను. కిందటేడు బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున పరిగెడుతుంటే వీధికుక్క పిక్క పట్టుకుంది. అయిదు ఇంజెక్షన్లు. పుండు దగ్గర ఇంకోటి, అది పొడిచినప్పుడు నాకు చుక్కలు కనపడ్డాయి. ఆ కుక్క ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? రోజూ ఒకావిడ కారాపి బిస్కెట్లు వేసే మలుపు దగ్గర నుంచి. అన్నం పెట్టే పుణ్యం మీకు, కరిపించుకునేది మాలాంటోళ్లం. కోపంగా రాస్తున్నాననుకోవద్దు, నిజంగానే కోపంగా ఉన్నాను.

తోకల_స్నేహం
వాకర్ గారూ, మీ కోపం న్యాయమే. నేను పెట్టేది సందు చివర మూసేసిన గోడౌన్ షెడ్డు వెనక. నడిచే దారి కాదది. తిన్నాక ఆకులూ, ప్లేట్లూ ఎత్తేస్తాను. అక్కడున్న కుక్కలన్నిటికీ చెవి కొసన కోత ఉంటుంది, అంటే ఆపరేషన్ అయినట్టే. కొత్తగా వచ్చిన ఒక ఆడకుక్కకి మాత్రం ఇంకా కాలేదు.

రూల్_పుస్తకం
అన్నం పెట్టే విషయంలో కూడా చట్టం ఉంది. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కాలనీ కుక్కలకి తిండి పెట్టే చోటు చూపించాల్సిన బాధ్యత అసోసియేషన్‌దే. ఆ చోటు మాత్రం మెట్ల దగ్గరా, గేట్ల దగ్గరా, పిల్లలు ఆడుకునే చోటా ఉండకూడదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఇంకా బిగించారు. వార్డుల్లో కేటాయించిన చోట్లలోనే పెట్టాలి, ఎక్కడ పడితే అక్కడ రోడ్ల మీద పెట్టకూడదు. పట్టుకెళ్లిన కుక్కకి ఆపరేషన్, టీకా చేసి తెచ్చిన చోటే వదలాలి, పిచ్చికుక్కలనూ మీదపడి కరిచేవాటినీ తప్ప. అదే ఏడాది నవంబరు 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి తీసిన కుక్కల్ని మళ్లీ అక్కడే వదలకూడదని. ఈ అమ్మాయి స్కూలు టీచరు కాబట్టి ఆ రెండోది తెలిసుండడం మంచిది.

పశువుల_డాక్టరు
మధ్యలో వస్తున్నాను. కుక్క కరిస్తే ముందు చేయాల్సింది ఆసుపత్రికి పరుగు తీయడం కాదు. కుళాయి తిప్పి, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. తర్వాతే ఆసుపత్రి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. టీకా కండకి వేస్తే 0 (అంటే మొదటి టీకా వేసిన రోజు), 3, 7, 14, 28 రోజుల్లో అయిదు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి వాకర్ గారు చెప్పిన ఆ ఇంకో ఇంజెక్షన్, ఇమ్యునోగ్లోబులిన్, తప్పనిసరి. నొప్పి పుడుతుందని మానేసేవాళ్లు ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం, ఇది గుర్తుంచుకోండి.

అమ్మా తోకల_స్నేహం, రోజూ వీధికుక్కల మధ్య తిరిగే మీలాంటివాళ్లు కరవకముందే టీకా వేయించుకోవచ్చు. 0, 7 రోజుల్లో రెండు, 21 లేక 28వ రోజున మూడోది. తర్వాత ఎప్పుడైనా కరిస్తే రెండు డోసులు చాలు, ఆ ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. పెళ్లి హడావుడి మొదలయ్యేలోపు పూర్తిచేసుకోండి. ఆ కొత్త ఆడకుక్కని కూడా ఆలస్యం చేయకండి. కుక్క కడుపుతో ఉండేది రెండు నెలలే, చూస్తుండగానే సందులో ఆరు పిల్లలు తిరుగుతాయి.

ఇక పిల్లి విషయం. మీ అత్తగారికి చెప్పింది పూర్తిగా గాలి మాట కాదు. టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉంది, గర్భిణికి మొదటిసారి సోకితే బిడ్డకి ప్రమాదమే. కానీ అది పిల్లిని ముట్టుకుంటే రాదు. పిల్లి మలంలో పడ్డ క్రిమిగుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ ట్రే కడిగేస్తే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. కడగాల్సింది మీ ఆయన, మీరు కాదు. ఇంట్లోనే ఉండి, పచ్చిమాంసం తినని, ఎలుకల్ని పట్టని పిల్లితో ముప్పు బాగా తక్కువ. సగం ఉడికిన మాంసం, సరిగ్గా కడగని ఆకుకూరల వల్ల సోకేదే ఎక్కువ. అనుమానముంటే గర్భం అనుకున్నప్పుడు రక్తపరీక్ష చేయించుకోవచ్చు. ఈ మాట మీరు చెబితే నమ్మరు, వాళ్లు వెళ్లే గైనకాలజిస్టు చేత చెప్పించండి.

గాజువాక_శీను
డాక్టరు గారూ, ఇవన్నీ మీ ఆసుపత్రి గోడ మీద రాయించండి సార్. మా ఇంట్లో ఇప్పటికీ కుక్క కరిస్తే కారం అద్దుతారు.

తాబేలు_కాపలా
సాగర్ నగర్ అన్నారు కాబట్టి ఒక మాట. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డుకొచ్చి, అలలు తాకని పొడి ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి పోతుంది. తెల్లారేలోపు అటవీశాఖ వాళ్లతో కలిసి మేము ఆ గుడ్లు ఏరి హేచరీకి (గుడ్లని కాపాడి పొదిగించే చోటు) చేరుస్తాం. నెలన్నర దాటాక పిల్లలు బయటికి వస్తే సముద్రంలో వదులుతాం. మాకంటే ముందు కుక్కలు చేరాయా, ఇంకేం మిగలదు. పిల్ల తాబేలు అరచేతిలో పట్టేంత ఉంటుంది, కుక్కకి ఒక ముద్ద కూడా కాదు.

జంతుప్రేమికుల మీద నాకు కోపం లేదు, నేనూ ఆ బాపతే. కానీ బీచ్ మీద కుక్కలకి తిండి పెడితే అక్కడ గుంపు తయారవుతుంది, ఆ గుంపే రాత్రి గూళ్లు తవ్వుతుంది. ఒక జీవి మీద ప్రేమ ఇంకో జీవికి ఎసరు పెడుతోంది. మీ పెళ్లి మాఘంలో అంటున్నారు, అంటే మీరు అక్కడికి కాపురానికి వెళ్లేది సరిగ్గా గుడ్లు పెట్టే రోజుల్లోనే.

తోకల_స్నేహం
జీడిని బీచ్‌కి తీసుకెళ్లొచ్చా మరి? దానికి అలలంటే పిచ్చి.

తాబేలు_కాపలా
తీసుకెళ్లండి. వెలుతురు వచ్చాక, బెల్టు విప్పకుండా, నీళ్ల పక్కన తడి ఇసుక మీద. పొడి ఇసుకలో వాసన చూస్తూ తవ్వడం మొదలుపెడితే వెంటనే లాగేయండి. ఇసుక మీద ట్రాక్టరు టైరు వెళ్లినట్టు జాడ కనిపిస్తే అది తాబేలు పాకిన దారి. దాన్ని చెరపకుండా అటవీశాఖకి ఫోన్ చేయండి. ఫ్లాష్ వేసి ఫొటోలు మాత్రం వద్దు.

సాగర్_నగర్_వాకర్
ఈ ఒక్క విషయంలో మీ అందరితో ఏకీభవిస్తున్నాను. బెల్టు. బెల్టు. బెల్టు.

పశువుల_డాక్టరు
బీచ్ నుంచి వచ్చాక మంచినీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల మధ్య బాగా తుడవండి. మన ఊరి తేమకి వేళ్ల సందుల్లో పాచిపోయి పుండ్లవుతాయి. పిడుదులు కూడా వేళ్ల మధ్యా, చెవి లోపలా దాక్కుంటాయి. తిండి మానేసి, జ్వరంగా, చిగుళ్లు పాలిపోయి ఉంటే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుకోండి. రక్తపరీక్ష చేయించి మందు మొదలుపెట్టాక కుక్క లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపేవాళ్లు నాకు వారానికొకరు తగులుతారు. దయచేసి కోర్సు పూర్తి చేయండి.

పొందూరు_పోగు
చీర విషయం ఎవరూ ముట్టుకోలేదు, అందుకని నేను. అమ్మా, పట్టుపురుగు గూడులో ఉండగానే ఉడకబెడతారని మీరు మానేశారు, అవునా? ఆ పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుని బయటికొస్తే దారం తెగిపోతుంది. ఒక గూట్లో కిలోమీటరు దాకా ఒకే పోగు ఉంటుంది, ఆ పొడుగు కోసమే చంపుతారు. చంపకుండా తీసే పట్టు కూడా ఉంది. మన తెలుగు మనిషే, చేనేత రంగంలో ప్రభుత్వోద్యోగం చేసిన కుసుమ రాజయ్య గారు దాన్ని తయారుచేసి అహింసా పట్టు అని పేరు పెట్టారు. రాష్ట్రపతి వెంకట్రామన్ గారి సతీమణి పురుగుల్ని చంపకుండా పట్టు తీయలేరా అని అడగడంతో ఆయన ఆ పనిలో పడ్డారు. తెగిన పోగుల్ని వడికి నేస్తారు కాబట్టి కంచిపట్టంత మెరుపు ఉండదు. మెత్తగా, కాస్త ముతకగా ఉంటుంది. చేతికి హాయిగా ఉంటుంది, ఫొటోలో డల్‌గా కనిపిస్తుంది. మీ అమ్మగారికి ఏది ముఖ్యమో మీకే తెలియాలి.

అసలు పెళ్లి పీటల మీద కట్టుకునేవి మధుపర్కాలు కదా. ఎర్రంచు తెల్ల నేతబట్ట. పట్టు లేకపోతే పెళ్లి కాదనడానికి లేదు. మా పొందూరు (శ్రీకాకుళం జిల్లా) సన్నఖాదీ వంద కౌంటు నూలుతో, అంటే బాగా సన్నటి నూలుతో నేస్తారు, చేతిలో పట్టుకుంటే బరువే తెలీదు.

తోకల_స్నేహం
పొందూరు! అదే తీసుకుంటాను. పత్తి కాబట్టి ఏ జీవికీ సంబంధం లేదు, అమ్మకి కూడా చెప్పడం సులువు.

పొందూరు_పోగు
ఆగమ్మా, దాచడం నాకు ఇష్టం లేదు. పొందూరులో పత్తిని ఏకేది వాలుగ చేప దవడతో. దాని సన్నటి పళ్ల మధ్య దూదిని దువ్వి, పుల్లలూ చెత్తా తీసి, పోగులన్నీ ఒకే వాటంగా సర్దుతారు. ఆ నునుపు యంత్రానికి రాదు. మా అమ్మమ్మ కూర్చుని ఏకుతుంటే ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూది పొగలా విచ్చుకునేది. దవడ కోసం చేపని చంపరు, తిన్నాక మిగిలినదే. అయినా మీకు తెలిసి ఉండాలి.

గాజువాక_శీను
అయిపోయింది. ఇంక నైటీతో పెళ్లి చేసుకోవాలి చెల్లెమ్మ.

కొత్తకోడలు_మధురవాడ
😂 శీను గారూ!

తోకల_స్నేహం
నేను ఆలోచించాను. తినగా మిగిలిన దవడ అంటే నాకు ఇబ్బంది లేదు. నా గీత ఎక్కడో నేనే గీసుకోవాలి కదా, ఇంకొకరు గీస్తే ఎంత జరిపినా చాలదు. రోజూ జీడికి ఉడకబెట్టి పెట్టేది కోడిమాంసమే, నేను తినకపోయినా. ఆ చేత్తో చేప దవడ గురించి వాదిస్తే నాకే నవ్వొస్తుంది.

ఇంకో కొత్త సమస్య. నిన్న వాళ్లింటికి వెళ్లాను. వసారాలో పంజరం, అందులో రామచిలుక. నాయనమ్మ గారికి ప్రాణం. "రామా" అంటే "రామా" అంటుంది. నాకు అన్నం సహించలేదు.

రూల్_పుస్తకం
రామచిలుకని పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఎన్నేళ్లుగా పెంచుతున్నారన్నది లెక్కలోకి రాదు. దుకాణంలో అమ్మే లవ్‌బర్డ్స్ లాంటి విదేశీ పక్షులు వేరు, మన అడవి చిలకలు వేరు. అదృష్టమని ఇంట్లో పెట్టుకునే నక్షత్ర తాబేలు సంగతీ ఇంతే.

లాసన్స్‌బే_పెద్దమ్మ
చట్టం నిజమే గానీ, కాపురానికి రాకముందే ముసలావిడ చిలక మీద కేసు పెట్టిన కోడలు అని పేరు తెచ్చుకోకు. ఆవిడ దగ్గర కూర్చో. చిలక ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఏం తింటుంది, అడుగు. పెద్దవాళ్లతో మాటలు అక్కడే మొదలవుతాయి.

పశువుల_డాక్టరు
జాలిపడి పంజరం తలుపు మాత్రం తెరవకండి. ఏళ్లుగా పంజరంలో ఉన్న చిలకకి రెక్కల్లో బలం ఉండదు, తిండి వెతుక్కోవడం రాదు. బయటికొచ్చిన రోజే కాకులు పొడిచేస్తాయి. అటవీశాఖకి అప్పగించడమే పద్ధతి. ఎగరగలిగేదైతే వాళ్లే అలవాటు చేసి వదులుతారు.

కొత్తకోడలు_మధురవాడ
అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ అడగలేదు. పెళ్లి రోజు జీడి ఎక్కడ ఉంటుంది? బ్యాండు, బాణసంచా, ఇంటినిండా చుట్టాలు. మా పెద్ద పిల్లి మా పెళ్లికి బీరువా మీదకెక్కి మర్నాటి దాకా దిగలేదు.

పశువుల_డాక్టరు
దానికి తెలిసిన మనిషి, తెలిసిన గది, దాని దుప్పటి. ఫ్యాను ఫుల్లుగా పెట్టి, కిటికీలు మూసి, పాటలేవైనా పెట్టండి. నిద్రమాత్రలు మీ అంతట మీరు వేయకండి. మనుషులకి వాడే నొప్పి మాత్రలైతే అసలే వద్దు, పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు ప్రాణం తీయడానికి. చుట్టాల పిల్లలు ముద్దుగా పెట్టే చాక్లెట్లు, ఎండుద్రాక్ష వేసిన పాయసం, ఉల్లిపాయ కూరలు జీడికి విషమే. మర్నాడు మీ వాళ్లు మాంసాహారం పెడితే ఆ ఎముకలు కూడా. వండిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

పెళ్లికి ముందే దాన్ని సాగర్ నగర్ ఫ్లాట్‌కి కొన్నిసార్లు తీసుకెళ్లి రండి. మొదట గంట, తర్వాత పూట, ఆ తర్వాత ఒక రాత్రి. అత్తగారు వాడేసిన పాత చీర ఒకటి తెచ్చి దాని పక్కలో పరవండి. మనిషి రాకముందే వాసన పరిచయమవుతుంది.

తోకల_స్నేహం
అందరికీ అప్‌డేట్. ఆయన వారం అనుకున్నది దాటి రెండో వారం కూడా పొద్దున్నే సీతమ్మధార వచ్చి జీడిని తిప్పారు. మొదటిరోజు కవరు చిరిగింది, అంతకంటే వివరాలు అడగకండి. పెద్దమ్మ అడిగిన నాలుగు ప్రశ్నలకి ఇద్దరం కూర్చుని జవాబులు రాసుకున్నాం. పనిమనిషికి అదనం మేమిస్తాం, దేవుడి గదికి గేటు ఆయన చేయిస్తారు, మధ్యాహ్నం నేను, ఊరెళ్తే అమ్మ దగ్గర. ఆ కాగితం పట్టుకుని ఆయనే వాళ్లమ్మతో మాట్లాడారు. ఆవిడ అంతా విని, "సోఫా ఎక్కకూడదు" అన్నారట. మైల మాట రాలేదు! సోఫా మీద చర్చలు నడుస్తున్నాయి.

మా పెళ్లయిన నెలకి జీడి వస్తుంది. ఉప్మా రావడం లేదు. అత్తగారు కాదు, నాన్న ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లూ నా ఒళ్లో పడుకున్నదాన్ని ఎలా తీసుకుపోతావే" అన్నారు. పిల్లంటే పడదని అరిచే మనిషి ఆయన. నేను ఇంకేం మాట్లాడలేకపోయాను.

సందులో అన్నం పెట్టే పనికి మాత్రం ఇంకా దారి దొరకలేదు. తమ్ముడు పెడతానంటాడు గానీ వాడికి సెమిస్టరు పరీక్షలొస్తే మేం తిన్నామో లేదో కూడా గుర్తుండదు. చిలక విషయంలో నాయనమ్మ గారితో రెండుసార్లు కూర్చున్నాను. కేసు మాట ఎత్తలేదు. తుఫానులో గూడు పడిపోతే చెట్టుకింద దొరికిందట, హుద్‌హుద్ అప్పుడు. అప్పటినుంచీ ఉంది. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

సాగర్_నగర్_వాకర్
తమ్ముడికి పరీక్షలున్న రోజుల్లో ఎవరైనా పెట్టండి గానీ, టైము మార్చకండి. ఆకలితో వెతుక్కునే కుక్కలే రోడ్డెక్కుతాయి. ఆ చెవి కోత లేని ఆడకుక్క సంగతేమైంది?

తోకల_స్నేహం
ఆపరేషన్ అయింది, తిరిగి తెచ్చి వదిలారు. చెవి కోత మానుతోంది. నన్ను చూస్తే ఇప్పుడు కాస్త దూరంగా ఉంటోంది, పట్టించింది నేనే కదా.

పొందూరు_పోగు గారూ, అమ్మతో సంధి కుదిరింది. కంచిపట్టు అడ్వాన్సు అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి మార్చుకుంటుందట. మధుపర్కాలు ఇద్దరికీ పొందూరువే. ఆయనకి పంచె, కండువా. ఎప్పటికి ఇవ్వగలరు?

పొందూరు_పోగు
మాఘానికంటే ఈ వారమే చెప్పాలమ్మా, సన్ననూలు నేత నెమ్మదిగా సాగుతుంది. అబ్బాయి పొడుగెంత? అంచు జానెడు పెట్టించనా, బెత్తెడు చాలా?